సబ్‌వూఫర్ వంటింటి గుమ్మంలో మోగుతోంది, సోఫాలో మోగడం లేదు

విజయవాడ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయనకు యాభై నాలుగేళ్లు, బ్యాంకు ఉద్యోగం, అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు. పిల్లల చదువులు అయ్యాక, చిన్నప్పటి నుంచి ఉన్న సరదా తీర్చుకుందామని రిసీవర్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్ పెట్టె), ఒక జత చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నారు. పాటలు బాగానే ఉన్నాయిగానీ కింది స్థాయి (బేస్) బరువు తెలియడం లేదని, రెండు నెలల క్రితం బేస్ ఒక్కటే పలికే స్పీకర్ పెట్టె, అంటే పది అంగుళాల సబ్‌వూఫర్ తెచ్చి టీవీ పక్కన మూలలో పెట్టారు. అప్పటి నుంచే గొడవ. సోఫాలో కూర్చుంటే బేస్ గిటార్‌లో కొన్ని నోట్లు (స్వరాలు) అసలు వినపడవు, కొన్ని మాత్రం గుమ్ముమంటాయి. మంచినీళ్ల కోసం లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళితే ఛాతీ అదురుతుంది. సోఫాలో చాలడం లేదని ఆయన సబ్ వెనక నాబ్ తిప్పుకుంటూ పోయారు. ఒక రోజు రాత్రి కింది ఫ్లాట్ పెద్దావిడ పైకి వచ్చి, "బాబూ, నాకు బీపీ ఉంది, గుండె దగ్గర దడదడమంటోంది" అన్నారు. ఈయన ఫోన్‌లో యాప్ పెట్టి కొలిస్తే 52 డెసిబెల్స్ చూపించింది, చట్టంలో ఉన్న 55 కన్నా తక్కువే కదా అని ఆయన వాదన. భార్య దాన్ని అమ్మేయమంటున్నారు. షాపాయన మరికొంత కడితే పన్నెండు అంగుళాలది మార్చి ఇస్తానంటున్నాడు, దానికి ఇంకో మూడు వారాలే గడువు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఒకటి కాదు, రెండు పెట్టాలని రివ్యూల లింకులు పంపుతున్నాడు. "ఎవరి మాట వినాలి? పెద్దది తీసుకుంటే ఈ బాధ పోతుందా?" అన్నది ప్రశ్న.

హాలు కొలతలు కూడా రాసి మంచి పని చేశారు మీరు. టీవీ గోడ నుంచి ఎదురు గోడకి 14 అడుగులు, వెడల్పు 11. సోఫా వెనక నుంచి వంటింట్లోకి, పడగ్గదిలోకి దారి కావాలి కాబట్టి సోఫాని మధ్యకి జరిపి వేసుకున్నారు. టేపు పెట్టి చూస్తే మీ చెవులు టీవీ గోడకి ఏడు అడుగుల దూరంలో ఉంటాయి, అంటే హాలుకి సరిగ్గా నడిమధ్యన. మీ బాధలో సగానికి పైగా అక్కడే ఉంది.

గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్ (సెకనుకి 40 సార్లు అదిరే శబ్దం) తరంగం పొడవు సుమారు 28 అడుగులు, మీ హాలు పొడవు అందులో సగం. ఇలా కుదిరినప్పుడు ఆ నోటు రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. పళ్లెంలో నీళ్లు పోసి అటూ ఇటూ ఊపి చూడండి, అంచుల దగ్గర నీళ్లు లేచి పడుతుంటాయి, నడిమధ్యలో మట్టం దాదాపు కదలదు. మీరు కూర్చున్నది ఆ నడిమధ్యన, వంటింటి గుమ్మం ఉన్నది అంచున. ఇక 80 హెర్ట్జ్ దగ్గర సంగతి తిరగబడుతుంది. ఆ నోటుకి రెండు గోడల దగ్గరా, నడిమధ్యలోనూ బలం ఉంటుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగని వదిలి మీటితే 41 హెర్ట్జ్, దాని పై స్థాయిలో అదే స్వరం 82. మొదటిది మీ సోఫాలో మాయమైపోతుంది, రెండోది గుమ్ముమంటుంది. మీరు రాసింది అచ్చంగా ఇదే. సబ్‌లో లోపం ఉందేమోనని టెన్షన్ పడకండి, అది తన పని తాను చేస్తోంది.

కాబట్టి పెద్దది కొంటే ఈ బాధ పోదు. పది అంగుళాల కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే భాగం) కన్నా పన్నెండు అంగుళాల దాని వైశాల్యం నలభై నాలుగు శాతం ఎక్కువ, మిగతావన్నీ సమానమైతే ఓ మూడు డెసిబెల్స్ కలిసొస్తుంది. కానీ సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే. పెరిగినదంతా వంటింటి గుమ్మంలోకీ కింది పెద్దావిడ గదిలోకీ పోతుంది. షాపాయన మోసం చేస్తున్నాడని అనను. "బేస్ చాలడం లేదు" అని మీరు అడిగారు, ఆయన దగ్గర ఉన్న జవాబు ఆయన చెప్పాడు. హాలు ఎలా ఉందో ఆయన చూడలేదు.

అబ్బాయి పంపే రివ్యూల గురించి కూడా ఒక మాట. అమెరికాలో చాలా ఇళ్లు చెక్క ఫ్రేము మీద జిప్సం బోర్డు బిగించి కట్టినవి. బేస్‌కి ఆ గోడలు కాస్త ఊగుతాయి, కొంత బేస్ అలా బయటికి పోతుంది. మనవి ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు, కింద టైల్స్. బేస్ ఎటూ పోలేక గదిలోనే తిరుగుతుంది. అందుకని అక్కడ "ఇంత పెద్దది ఉంటేగానీ కుదరదు" అని రాసింది మన హాల్లో చాలాసార్లు అవసరానికి మించిపోతుంది, గదిలో ఎత్తుపల్లాలు మాత్రం మనకే ఎక్కువ.

ఇప్పుడు ఏం చేయవచ్చో చూద్దాం. ఖర్చు లేనిది ముందు. షాపాయన గడువుకి ఇంకా మూడు వారాలు ఉంది కదా, అందులో రెండు ఆదివారాలు ఈ పనికి ఇవ్వండి.

మొదటిది సోఫా. దాన్ని రెండు అడుగులు వెనక్కి జరపండి. చెవులు తొమ్మిది అడుగుల దగ్గరికి వస్తాయి, పోయిన 40 హెర్ట్జ్ చాలావరకు తిరిగి వస్తుంది, 80 దగ్గర గుమ్ము తగ్గుతుంది. వెనక నడవడానికి ఇంకా నాలుగు అడుగులకి పైగా మిగులుతుంది కాబట్టి మీ ఆవిడ ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఒకటిన్నర అడుగు ముందుకైనా జరిపి చూడండి, టీవీ దగ్గరవుతుందనే ఇబ్బంది ఉంది అంతే. వెనక గోడకి ఆనించి మాత్రం వేయకండి, అక్కడ బేస్ ముంచెత్తుతుంది.

రెండోది సబ్ చోటు. మూలలో పెడితే గదిలో నిలబడే ప్రతి నోటునీ అది గట్టిగా రేపుతుంది. శబ్దం ఎక్కువే వస్తుందిగానీ సమంగా రాదు. మంచి చోటు వెతకడానికి పాత పద్ధతి ఒకటుంది. సబ్‌ని ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ గిటార్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండే పాట ఒకటి మళ్లీ మళ్లీ మోగేలా పెట్టి, గోడల వెంట చెవి కింద ఉంచి పాక్కుంటూ వెళ్లండి. మోకాళ్లు సహకరించకపోతే చిన్న పీట వేసుకుని అడుగడుగునా కూర్చుని వినండి. ఇంట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏ చోట అన్ని నోట్లూ ఒకే ఎత్తులో వినిపిస్తాయో, అక్కడ సబ్ పెట్టి మీరు సోఫాలోకి వెళితే అలాగే వినిపిస్తుంది, సబ్ చోటూ చెవి చోటూ మార్చుకున్నా గది లెక్క మారదు కాబట్టి. వెతికేది బేస్ ఎక్కువగా ఉన్న చోటు కాదు, ఒక్క నోటు కూడా తప్పిపోని చోటు. చాలామంది ఇక్కడే పొరపడి మళ్లీ మూలకే చేరుకుంటారు.

మీ హాల్లో నేనైతే రెండు చోట్లు తప్పకుండా చూస్తాను. ఒకటి, పక్క గోడని ఆనుకుని, దాని పొడవులో సరిగ్గా సగం దగ్గర. అక్కడ నుంచి మోగిస్తే ఆ 40 హెర్ట్జ్ నోటు గోడల మధ్య రేగదు, కాబట్టి వంటింటి గుమ్మంలో మోత తగ్గుతుంది. రెండోది, సోఫా చేయి పక్కనే, మీ చెవికి రెండు మూడు అడుగుల్లో. దగ్గరగా ఉంటుంది కాబట్టి నాబ్ బాగా తగ్గించినా మీకు చాలుతుంది, తగ్గించినంత మేరా కింది ఇంటికీ తగ్గుతుంది. మీ పరిస్థితికి నాకు ఇదే ఎక్కువ నచ్చుతోంది. ఇబ్బందులు లేకపోలేదు. వైరు టీవీ దగ్గర నుంచి అక్కడిదాకా స్కర్టింగ్ వెంట లాగి క్లిప్పులు కొట్టాలి, ఆ పెట్టె అందరి కళ్లకీ కాళ్లకీ అడ్డం వస్తుంది. దాని మీద మనీప్లాంట్ కుండీ పెట్టే ప్రతిపాదన ఇంట్లో వస్తుంది, దానికి మాత్రం ఒప్పుకోకండి. శబ్దం పక్క నుంచి వస్తున్నట్టు తెలిసిపోతుందేమోనని అనుమానం రావచ్చు. సుమారు 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సరిగా పట్టలేదు, క్రాసోవర్ (ఏ నోటు కింద సబ్ పలకాలో, పైన స్పీకర్లు పలకాలో చెప్పే హద్దు) అంతకన్నా బాగా పైన పెడితేనే తెలుస్తుంది.

ఇక సెట్టింగులు. మీరు పంపిన ఫోటోల్లో మూడు విషయాలు కనిపించాయి. రిసీవర్‌లో స్పీకర్లని 'లార్జ్' అని పెట్టారు, సబ్‌ని 'ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్' అని పెట్టారు (ఎల్ఎఫ్ఈ అంటే సినిమాల్లో బేస్ కోసం ఉండే విడి ట్రాక్). అంటే కింది నోట్లు స్పీకర్ల నుంచీ వస్తున్నాయి, సబ్ నుంచీ వస్తున్నాయి, ఒకదాన్నొకటి ఒక చోట పెంచుతూ ఇంకో చోట చంపుతూ. స్పీకర్లు ఎంత ఖరీదైనవైనా వాటిని 'స్మాల్' అని పెట్టండి, ఆ పేరు చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. క్రాసోవర్ 80. సబ్ మోడ్ ఒట్టి 'ఎల్ఎఫ్ఈ'. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్ కూడా 80 దగ్గరే ఉంది, దాన్ని చివరిదాకా పైకి తిప్పేయండి. లేకపోతే ఒకే కోతని రిసీవర్ ఒకసారి, సబ్ ఇంకోసారి కోస్తాయి, సబ్, స్పీకర్లు కలిసే చోట గుంట పడుతుంది.

సబ్ వెనక శబ్దం పెంచే గెయిన్ నాబ్ గడియారం ముల్లులా మూడు గంటల దగ్గర ఉంది, ఆటో సెటప్ (మైకుతో విని రిసీవర్ తనంతట తానే సర్దుకోవడం) చేశాక రిసీవర్ సబ్ లెవెల్ మైనస్ 12 చూపిస్తోంది. చాలా రిసీవర్లలో మైనస్ 12 అంటే ఇంక తగ్గించడానికి మెట్లు అయిపోయాయని అర్థం. అసలు ఎంత తగ్గించాలో దానికే తెలియకుండా పోయింది. నాబ్‌ని పది పదకొండు గంటల దగ్గరికి తెచ్చి మళ్లీ సెటప్ నడపండి, లెవెల్ సున్నాకి కాస్త కింద వచ్చేదాకా సర్దుకోండి. సెటప్ చేసేటప్పుడు మైకుని సోఫా వీపు మీద పెట్టారని రాశారు. కెమెరా స్టాండు మీద, చెవి ఎత్తులో, సోఫా వీపుకి తగలకుండా పెట్టాలి. ఫ్యాన్ ఆపాలి. విజయవాడలో ఫ్యాన్ ఆపమనడం అన్యాయమే, కానీ పదిహేను నిమిషాల పని, ఫ్రిజ్ పక్కనే ఉంటే దాన్ని కూడా ఆపేయండి.

సెటప్ అయ్యాక సబ్ దూరం పదిహేడు అడుగులు అని చూపించిందని, టేపుతో కొలిస్తే ఎనిమిదే ఉందని మీరు చేత్తో మార్చేశారు. మార్చకండి. సబ్ లోపలి సర్క్యూట్లు శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి, ఆ ఆలస్యాన్నే రిసీవర్ దూరంగా లెక్కగట్టింది. మీరు ఎనిమిది అని కొట్టగానే సబ్, స్పీకర్లు వేర్వేరు సమయాల్లో పలకడం మొదలుపెట్టాయి. ఇది సరిచేశాక 80 హెర్ట్జ్ టోన్ ఒకటి మోగించి, మీరు సోఫాలో కూర్చుని, సబ్ వెనక ఫేజ్ స్విచ్‌ని (కోన్ కదిలే దిశని తిరగేసేది) ఇంకొకరి చేత సున్నాకీ 180కీ మార్పించండి. ఎటు పెడితే మీకు గట్టిగా వినిపిస్తే అటే ఉంచండి.

ఒక్కో నోటుకి 'గర్‌ర్' మంటోంది, కోన్ చిరిగిందేమో అని అడిగారు. ముందు ఇల్లు చూడండి. 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ పెట్టి, గర్‌ర్‌మన్న చోటల్లా చేత్తో నొక్కుతూ తిరగండి. షోకేసు అద్దం, ఫాల్స్ సీలింగ్ లైట్ల క్లిప్పులు, స్లైడింగ్ కిటికీ, బీరువా తలుపు, దేవుడి గూట్లో ఇత్తడి సామాను... వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. చిన్న ఫెల్ట్ ముక్కతో పోయే జబ్బు ఇది.

కింది ఇంటి సంగతి. ఇక్కడ మీతో నేను ఏకీభవించను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అన్నది నిజమే. మీరు రాత్రి పూట పగటి లెక్క చెబుతున్నారన్నది అలా ఉంచండి. ఆ కొలతలు మనిషి చెవిని అనుకరించే 'ఏ' తూకంలో ఉంటాయి, ఫోన్ యాప్‌లు కూడా మామూలుగా అలాగే చూపిస్తాయి. ఆ తూకం 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెల్స్ కొట్టేస్తుంది. 85 డెసిబెల్స్‌తో అదురుతున్న నోటు యాప్‌లో 50 అని కనపడుతుంది. మీ యాప్ చూపిన 52 ఆవిడ చెప్పినదాన్ని అబద్ధం చేయదు. పైగా అది మీ హాల్లో కొలిచింది, ఆవిడ మంచం దగ్గర కాదు.

శబ్దం కిందికి రెండు దారుల్లో పోతుంది. సబ్ పెట్టె అదురు టైల్స్ నుంచి స్లాబులోకి నేరుగా దిగేది ఒకటి, గాలిలో నుంచి గోడల్నీ స్లాబునీ ఊపుతూ పోయేది రెండోది. సబ్ కింద మెత్తటి రబ్బరు పాదాలు పెడితే మొదటిది కొంత తగ్గుతుంది. అంత ఖరీదేం కాదు, పెట్టండి. రెండోదానికి అవి పనికిరావు. గోడకి స్పాంజి అతికించడం, మందపాటి కర్టెన్లు వేయడం పై స్థాయి శబ్దాలకి మంచిదే, బేస్‌ని మాత్రం ఆపలేవు, ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా సరే. బేస్‌ని ఆపాలంటే బరువైన కట్టడం కావాలి, అపార్ట్‌మెంట్‌లో అది అయ్యే పని కాదు. మీ చేతిలో ఉన్నది లెవెల్, వేళ.

అందుకని సబ్ కొత్త చోట కుదురుకున్నాక, ఒక సాయంత్రం కింది పెద్దావిడ ఇంటికి మీరే వెళ్లండి. పైన మీ ఆవిడని మీరు మామూలుగా వినే పాటే, అదే వాల్యూమ్‌లో పెట్టమనండి. ఆవిడ పడుకునే గదిలో ఐదు నిమిషాలు కూర్చోండి. ఫోన్‌లో "కొంచెం తగ్గించు, ఇంకొంచెం" అంటూ ఆవిడ "ఇది పర్లేదు" అనేదాకా తగ్గించి, ఆ అంకెని గుర్తుపెట్టుకోండి. ఆవిడ పడుకునే వేళ అడిగి తెలుసుకోండి. చట్టం పది అన్నా, ఆవిడ ఎనిమిదిన్నరకే పడుకుంటారేమో. ఆ తర్వాత సబ్ స్విచ్ ఆపేయడమే తేలిక. అప్పుడు స్పీకర్లని 'స్మాల్' నుంచి 'లార్జ్'కి మార్చుకోవాలి, లేకపోతే 80 కింద నోట్లు ఎక్కడా పలకవు. సినిమా చూడాలనుకుంటే నైట్ మోడ్ (గట్టి శబ్దాల్ని అణిచే సెట్టింగ్) వేసి, సబ్ లెవెల్ ఐదారు మెట్లు తగ్గించండి. తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ని తనంతట తానే పెంచే సెట్టింగ్ ఒకటి రిసీవర్‌లో ఉంటుంది, దాన్ని రాత్రిపూట ఆఫ్ చేయండి, లేకపోతే మీరు తగ్గించినదాన్ని అది వెనక నుంచి పెంచుతూ ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు డబ్బు గురించి ఆలోచించండి. మీ హాలుకి పన్నెండు అంగుళాలకి మారడం కన్నా ఇలాంటిదే ఇంకొక పది అంగుళాలది తేవడం మేలు, ఈ విషయంలో మీ అబ్బాయి వైపే నేను. రెండు సబ్‌లని ఎదురెదురు గోడలకి, ఒక్కో గోడకి సరిగ్గా నడిమి చోట ఒక్కోటి పెడితే సీటు సీటుకీ ఉండే తేడా బాగా తగ్గుతుందని హార్మన్ అనే ఆడియో సంస్థలో టాడ్ వెల్టి చేసిన పరిశోధన, 2002లో ఆయన ఆడియో ఇంజనీరింగ్ సొసైటీకి ఇచ్చిన పత్రంలో ఉంది. ఒక్కోటీ తక్కువ లెవెల్లో పలుకుతుంది. కానీ మీ వెనక గోడ మధ్యలో ఏ తలుపైనా ఉంటే ఆ అమరిక కుదరదు, పైగా ఇంట్లో ఒకటే ఎక్కువనుకుంటున్న మనిషికి రెండోది చెప్పడానికి ధైర్యం కావాలి.

పన్నెండు అంగుళాలదే మంచిదయ్యే సందర్భం ఒకటి లేకపోలేదు. మీరు యుద్ధాలూ పేలుళ్లూ ఉన్న సినిమాలు ఎక్కువ చూస్తే, 20 హెర్ట్జ్ దగ్గర అంతే శబ్దానికి 40 దగ్గర కన్నా నాలుగింతల గాలి కదపాలి, అక్కడ కోన్ సైజు అక్కరకొస్తుంది. మీరు వినేవి ముప్పాతిక పాటలేనని రాశారు. 30 దాకా శుభ్రంగా పలికితే మీకు చాలు. మార్చుకోవాలనే అనుకుంటే రంధ్రం లేని, మూసిన పెట్టె మోడల్ అడగండి. కింది నోట్లకి దిగేకొద్దీ దాని శబ్దం మెల్లగా తగ్గుతుంది, మన చిన్న హాళ్లలో తలుపులు వేస్తే ఆ కింది నోట్లకి గది కొంత బలం కలుపుతుంది. డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వేలల్లో ఉండే వాట్లు చూడకండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) ఎంతో అడగండి.

అమ్మేయడం కూడా తప్పు దారేం కాదు. మీ స్పీకర్లలో ఆరున్నర అంగుళాల వూఫర్ ఉంది, సబ్ లేకుండా కూడా చాలా పాటలకి సరిపోతుంది. పోయేది ఆఖరి స్థాయి బరువు ఒక్కటే. ఇంటి ప్రశాంతత, కింది ఇంటి సంబంధం దానికన్నా ముఖ్యమని మీకే అనిపిస్తే అలాగే చేయండి, కానీ సోఫా జరపకుండా, సెట్టింగులు సరిచేయకుండా మాత్రం అమ్మకండి. మీరు ఇంతవరకూ ఆ సబ్‌ని అసలు వినలేదు.

చివర్లో రాసిన 'గుయ్' మనే శబ్దం సంగతి. పాట ఆపినా వస్తోందంటే అది కరెంటు 50 హెర్ట్జ్ హమ్. టీవీకి వచ్చే కేబుల్ వైరు ఒకసారి సెట్‌టాప్ బాక్స్ నుంచి పీకి చూడండి. హమ్ ఆగితే దోషం కేబుల్ లైన్ ఎర్తింగ్‌ది, కేబుల్ అబ్బాయిని పిలిచి ఐసొలేటర్ (కేబుల్ ఎర్త్‌ని విడదీసే చిన్న ముక్క) పెట్టించండి. ఆగకపోతే సబ్, రిసీవర్, టీవీ మూడింటినీ ఒకే ప్లగ్ పాయింటు నుంచి ఇచ్చి చూడండి. ఎలక్ట్రీషియన్ ఎవరైనా సబ్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందంటే వద్దనండి. హమ్ పోవచ్చు, షాక్ కొట్టే ప్రమాదం వచ్చి కూర్చుంటుంది.